రెండో చరణం

సిద్దిపేట,
18 నవంబర్ 2024.

తమ్మీ నరహరీ,

ఇన్నేళ్ళకు అక్క ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. అందరం బాగున్నాం. ఈమధ్య ఫోన్‌లో మాట్లాడితే నాకు తల దిమ్మెక్కుతోంది. నాది ఎలాగూ డబ్బా ఫోను, అందులో అక్షరాలు నొక్కడం నా వల్ల కాదు. కాగితమైతే నింపాదిగా రాసుకోవచ్చు.

మా బృందగానం వాళ్ళం ఫిబ్రవరిలో పెద్ద కచేరీ చేస్తున్నాం. బాలనర్సయ్య సార్ రిటైరయ్యాక ఊళ్ళో పాడే వాళ్ళందరినీ పోగేసి ఈ బృందాన్ని తయారు చేశారని నీకు చెప్పాను కదా. టీచర్లు, బ్యాంకు వాళ్ళు, బట్టల దుకాణాల వాళ్ళు, నాలాగా చీరలకు ఫాల్స్ కుట్టుకునే వాళ్ళు ఉన్నాం. ఈసారి మమ్మల్ని నడిపించడానికి హైదరాబాదు నుంచి రాజేంద్రప్రసాద్ అనే ఆయన్ని పిలిపించారు. అతిథి కండక్టర్ అంటారట. మీ బావ ఆ మాట విని ఏ డిపో అని అడిగాడు. ఆయన చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని మా ముందు నిలబడి, ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎవరు గొంతు తగ్గించాలో చేతులతోనే చెబుతాడు. వయొలిన్‌కు శ్రావణ్ అనే అబ్బాయి వచ్చాడు. సన్నాయికి కొండపాక నర్సింహ. వాళ్ళిద్దరూ ఒంటరిగా వాయించే ఘట్టాలు కూడా ఉన్నాయి.

అసలు సంతోషం ఇది. కచేరీలో నడిమి పాట మన అవ్వ పాట. వాకిట్లో నేత పడుగు చాపి గంజి పెడుతూ పాడేది, గుర్తుందా? "పోగు తెగితే అతుకుదాము, పొద్దు తెగితే ఏమి చేద్దుమే." నేనే సార్‌కు పాడి వినిపించాను. రాజేంద్రప్రసాద్ దాన్ని అన్ని గొంతులకూ పంచి రాశాడు. మూడు చరణాలు మాత్రం నేను ఒక్కదాన్నే పాడాలి. చివర సన్నాయి అందుకుంటుంది, దాని వెనక అందరూ.

కానీ ఆయన మీద నాకు గురి కుదరడం లేదు. మొదటిసారి నేను ముందు వరుస మధ్యలో ఉన్నాను. తర్వాతిసారి వచ్చి, నన్ను ఆ చివరికి, సన్నాయి పక్కకు జరిపాడు. ఎందుకని అడిగితే నవ్వి ఏదో అన్నాడు. ఆయన మాట సగం నోట్లోనే ఉంటుంది. ఆ తర్వాత ఆయనా సార్ నా వైపు చూస్తూ గుసగుసలాడుకున్నారు. ఇంతమందిలో నన్నొక్కదాన్నే ఎందుకు జరిపినట్టు? నువ్వు నలుగురితో వ్యాపారం చేసేవాడివి. నీకేమనిపిస్తుందో రాయి.

మీ అక్క,
ప్రసూన.

భివండి,
27 నవంబర్ 2024.

ప్రసూనక్కా, దండాలు.

నీ ఉత్తరం ఇంట్లో అందరం ఒకరి తర్వాత ఒకరం చదివాం. అవ్వ పాటను అంతమంది కలిసి పాడతారని నూలు మార్కెట్‌లో నాకు తెలిసిన మనవాళ్ళందరికీ చెప్పాను.

నిన్ను జరిపిన సంగతి నాకూ నచ్చలేదు. ఇలాంటి వాళ్ళను ఇక్కడ రోజూ చూస్తుంటాను. ముందు మన దగ్గర ఉన్నది తీసుకుంటారు, తర్వాత మనల్ని మెల్లగా పక్కకు తప్పిస్తారు. ఇవాళ వరుస చివరికి పంపినవాడు రేపు వరుసలో నుంచే పంపిస్తాడు. జరగమంటే జరగకు.

ఇంకొక మాట. తల దిమ్మెక్కుతోందన్నావు, నాకు నమ్మబుద్ధి కాలేదు. దసరా నుంచి నేనెప్పుడు ఫోన్ చేసినా బావే ఎత్తుతున్నాడు. "మీ అక్క పండుకున్నది" అంటాడు, లేకపోతే "దుకాణంల ఉన్నది" అని పెట్టేస్తాడు. ఒకసారి ఆయన అలా చెబుతుండగానే వెనక నీ దగ్గు వినిపించింది. బావ నిన్ను నాతో మాట్లాడనివ్వడం లేదా? ఈ ఉత్తరం కూడా ఆయన చదివే నీకిస్తాడా? నీకు రాయడానికి వీలుకాని సంగతి ఏదైనా ఉంటే, మర్కూక్ ఊరి దాకా పోయి వచ్చానని రాయి. నేను అర్థం చేసుకుంటాను.

నీ తమ్ముడు,
నరహరి.

సిద్దిపేట,
8 డిసెంబర్ 2024.

తమ్మీ,

నేను మర్కూక్ పోలేదు. మీ బావను అలా అనకు. ఫోన్ మోగితే నేనే ఆయన చేతికిస్తాను. నా ఉత్తరాలు ఆయన ముట్టుకోడు.

అయితే నువ్వు అడిగిన తర్వాత నేను కూడా ఆయన్ని కొంచెం గమనించడం మొదలుపెట్టాను. మొన్న దుకాణం మూసి వస్తుంటే బస్టాండు దగ్గర హోటల్లో మీ బావా బాలనర్సయ్య సార్ ఛాయ్ తాగుతూ కనిపించారు. వాళ్ళిద్దరికీ అంత స్నేహం ఎప్పటి నుంచో నాకు తెలియదు. నన్ను చూడగానే మాట ఆపేశారు. ఇంటికి వచ్చాక ఏం మాట్లాడుకున్నారని అడిగితే బోరు మోటరు సంగతి అన్నాడు. సార్‌కు బోరే లేదు.

ఇక పాట దగ్గర జరుగుతున్నది విను. నా చరణానికి ముందు శ్రావణ్ ఒంటరిగా వయొలిన్ వాయించాలి. మొదట బాగానే వాయిస్తాడు. పైకి పోయే చోటుకు వచ్చేసరికి కమాను ఊరికే తీగల మీద ఆడిస్తాడు. ఏమీ వాయించడు. మిగతా వాళ్ళంతా కళ్ళు మూసుకుని, అదేదో అమృతమైనట్టు తలలూపుతారు. నేను ఎక్కడ అందుకోవాలో తెలియక తడబడాలని ఈ నాటకం. నేను అందుకోగానే రాజేంద్రప్రసాద్ పుల్ల ఆపేసి మళ్ళీ మొదటికి రమ్మంటాడు. నలుగురిలో నాదే తప్పనిపించాలి కదా.

సార్ కోడలు సింధూజను తెచ్చి నా పక్కన నిలబెట్టారు. బ్యాంకులో పని చేస్తుంది, మంచి గొంతు. నేను ఒంటరిగా పాడే చోట ఆ పిల్ల పెదవులు కూడా కదులుతున్నాయి. నా చరణాలు ఆమెకెందుకు? నేను తప్పుకుంటే సిద్ధంగా ఉండాలనే కదా. ఇప్పుడు అంతా ఒక దారిలో కనిపిస్తోంది నాకు. మీ బావ అందులో ఎక్కడున్నాడన్నదే అంతు చిక్కడం లేదు.

ప్రసూన.

భివండి,
16 డిసెంబర్ 2024.

అక్కా,

నీ ఉత్తరం చదివాక ఆగలేక బావకు ఫోన్ చేశాను. మా అక్కకు తెలియకుండా ఆ సార్‌తో నీకేం పని అని అడిగాను. మాట తప్పించబోయాడు. చివరికి, "గది నీకు చెప్పేది కాదు రా, నర్రీ" అని పెట్టేశాడు. దాచేది లేకపోతే ఆ మాట ఎందుకంటాడు? నేను కోపంలో అనకూడనివి కూడా అన్నాను. అవి ఇక్కడ రాయను.

మన చిన్నాయన బిడ్డ యాదలక్ష్మికి చెప్పాను. ఈసారి మీ సాధన జరిగేటప్పుడు వచ్చి కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తుంది. ఆ పిల్లగాడు వాయించకుండా కమాను ఆడించడం, వాళ్ళ గుసగుసలు అన్నీ అందులో పడతాయి. తర్వాత ఎవరూ కాదనలేరు. నువ్వు మాత్రం చాటుగా అడగకు, అందరి ముందే అడుగు.

నరహరి.

సిద్దిపేట,
24 డిసెంబర్ 2024.

తమ్మీ,

అడిగాను. అందరి ముందే అడిగాను.

యాదలక్ష్మి కుర్చీలో కూర్చుని వీడియో తీస్తోంది. శ్రావణ్ అదే పని చేశాడు, నేను అందుకున్నాను, రాజేంద్రప్రసాద్ పుల్ల కిందికి దించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మా అవ్వ పాట గావాలె, నేను వద్దు. గంతే గదా? సీదా చెప్పున్రి" అన్నాను. సింధూజ ఏడుపు ముఖం పెట్టింది. సార్ చేతులెత్తి ఏదో చెప్పబోయారు, నేను వినిపించుకోలేదు. సంచి తీసుకుని బయటికి నడిచాను. గేటు దాటే దాకా ఒక్కరంటే ఒక్కరు వెనక నుంచి పిలవలేదు నరహరీ. ఇన్నాళ్ళు కలిసి పాడిన వాళ్ళం.

ఇంట్లో మీ బావ నాతో సరిగా మాట్లాడటం లేదు. నువ్వు ఏమన్నావో చెప్పలేదు. "భివండిల నా ఇంట్ల ఉండి పెరిగిండు. గిప్పుడు నన్ను దొంగను చేసిండు" అని, మేము భివండిలో ఉన్న రోజులు తలుచుకుని ఒక్క మాటే అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు ఇంతకు ముందు నేను ఎప్పుడూ చూడలేదు. చూసినా అనుమానం పోవడం లేదు. ఏదో దాస్తున్నాడన్నది నిజం. నేను ఎవరి వైపు ఉండాలో నాకే తెలియడం లేదు.

కచేరీకి పోను.

ప్రసూన.

భివండి,
30 డిసెంబర్ 2024.

అక్కా,

యాదలక్ష్మి పంపిన వీడియో చూశాను. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, కోపం తెచ్చుకోకుండా చివరి దాకా చదువు.

శ్రావణ్ వాయిస్తూనే ఉన్నాడు. పైకి పోయే చోట కూడా వయొలిన్ సన్నగా, స్పష్టంగా మోగుతోంది. అది ముగియక ముందే నువ్వు అందుకున్నావు. అందుకే ఆయన ఆపాడు.

నువ్వు బయటికి నడుస్తుంటే యాదలక్ష్మి ఫోన్ పట్టుకుని నీ వెనకే వచ్చింది. సార్ పిలుస్తున్నారు. సింధూజ "ప్రసూనక్కా, ప్రసూనక్కా" అంటూ గేటు దాకా పరుగెత్తింది. నువ్వు తల కూడా తిప్పలేదు. చూసిన వాళ్ళెవరైనా కోపంతో తిరగలేదనే అనుకుంటారు. ఎవరూ పిలవలేదని నువ్వు నాకు రాశావు కాబట్టి నేను అలా అనుకోలేకపోయాను.

నీకు వినిపించడం లేదక్కా.

భివండిలో మీ ఇంటి వెనక సాంచాల షెడ్డు గుర్తుందా? ఆ మరమగ్గాల మోతలో పక్క మనిషితో కూడా సైగలతోనే మాట్లాడేవాళ్ళు. నువ్వు పదేళ్ళు ఆ షెడ్డులో నూలు కండెలు చుట్టావు. సాంచా ఎప్పుడూ నీ ఎడమ పక్కనే ఉండేది. నేను తొందరగా నూలు మార్కెట్‌కు మారాను కాబట్టి బతికిపోయాను. అప్పుడు నీతో పనిచేసిన వాళ్ళలో ఇవాళ చాలామందికి గట్టిగా అరిచి చెప్పాలి. ఇక్కడ ఇది చూస్తూ కూడా నాకు నీ సంగతి తట్టలేదు. దానికి బదులు బావను అనుమానించాను.

ఒకసారి చెవుల డాక్టర్‌కు చూపించు.

నరహరి.

సిద్దిపేట,
5 జనవరి 2025.

నరహరికి,

నీతో ఎవరు మాట్లాడారు? మీ బావనా, సార్‌నా? పాట లాక్కోవడానికి నన్ను చెవిటిదాన్ని చేస్తే సరిపోతుందని ఎవరి ఆలోచన? వీడియోలో ఏ మోత కావాలంటే ఆ మోత కలపవచ్చని దుకాణానికి వచ్చే పిల్లలు కూడా చెబుతారు.

నువ్వొక్కడివైనా నా వైపు ఉన్నావనుకున్నాను. ఇంక రాయకు.

ప్రసూన.

సిద్దిపేట,
19 జనవరి 2025.

తమ్మీ,

రాయకు అన్నాను కాబట్టి నువ్వు రాయలేదు. నేనే రాస్తున్నాను.

శ్రావణ్ ఇక్కడ ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. ఎవరికీ చెప్పకుండా అక్కడికి పోయాను. ఆ పైకి పోయే చోటు నా ముందు వాయించమన్నాను. కమాను ఆడుతోంది, ఏమీ లేదు. మోసం చేస్తున్నావు అందామని నోటి దాకా వచ్చింది. అనకుండా, చేయి చాచి వయొలిన్ చెక్క మీద పెట్టాను. నరహరీ, చెక్క నా వేళ్ళ కింద వణుకుతోంది. ఈగ రెక్కలు కొట్టుకున్నట్టు వణుకుతోంది. చెవిలో మాత్రం ఏమీ లేదు.

ఆ అబ్బాయి వాయించడం ఆపి తల దించుకున్నాడు. నాకు మంచినీళ్ళు ఇచ్చాడు.

ఇంటికి వచ్చి మీ బావను ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. ఇంక దాచలేదు. "రెండేండ్ల సంది. కుక్కర్ సీటీ నీకు ఇనవడ్తలేదు, నేనే వొయ్యి బంద్ జేస్తున్న. చెప్తె పాట ఇడిసిపెడ్తవని చెప్పలే" అన్నాడు. ఫోన్ ఎత్తింది కూడా అందుకే. నాకు వినపడక నువ్వు చెప్పిన దానికి నేను ఇంకేదో అంటే, నీకు తెలిసిపోతుందని భయపడ్డాడు. సార్‌తో ఛాయ్ తాగింది నా గురించి మాట్లాడుకోవడానికే.

మరునాడు బృందం దగ్గరికి పోయాను. రాజేంద్రప్రసాద్ నా కుడి వైపుకు వచ్చి నిలబడి, గొంతు పెంచి చెప్పాడు. "మిమ్మల్ని తీసెయ్యాలని జరపలేదమ్మా. మీకు కుడి చెవి బాగున్నట్టనిపించింది. సన్నాయి అటువైపుంటే అందుతుందనుకున్నాను. సింధూజను చూసి ఎక్కడున్నామో మీరు పోల్చుకుంటారని ఆమెను పక్కన పెట్టాను. ఇదంతా ముందే మీకు చెప్పాల్సింది. నాకు ధైర్యం చాలలేదు."

మంచి మనిషే. అయినా నా కోపం పూర్తిగా పోలేదు. వాళ్ళంతా కలిసి ఏదో దాస్తున్నారని నేను అనుకున్నది నిజమే కదా. ఏం దాస్తున్నారన్నదే తప్పుగా అనుకున్నాను. "నా ఎనక గుసగుసలాడే బదులు నా ముంగట గట్టిగ చెప్తె అయిపోతుండె" అన్నాను. సార్ ముఖం చిన్నబోయింది.

డాక్టర్‌కు చూపించాం. నువ్వు రాసినట్టే ఆ షెడ్డు మోతకు పోయిందన్నాడు. ఎడమ చెవి ఎక్కువ, కుడి చెవి తక్కువ. మిషన్ పెట్టుకోవాలి. అది అలవాటు కావడానికి నెలలు పడుతుందట, కచేరీకి పనికి రాదు. మూడు చరణాలు సింధూజకు ఇచ్చేస్తానని నేనే అన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. చివరికి ఇలా కుదిరింది. నేను పాడేటప్పుడు ఏ వాద్యమూ మోగదు, పక్కన ఎవరూ పెదవి కదపరు. ఎక్కడ అందుకోవాలో ఆయన వేలితో చూపిస్తాడు. తప్పు పోతే నాదే పోవాలి.

మీ బావకు ఫోన్ చెయ్యి. ఆయన నీ ఫోన్ కోసం చూస్తున్నాడు, పైకి చెప్పడు.

అక్క.

భివండి,
27 జనవరి 2025.

అక్కా,

బావతో మాట్లాడాను. నేను క్షమించమని మొదలుపెట్టకముందే, "అన్నం తిన్నవా రా" అని అడిగాడు.

కచేరీకి వద్దామనే ఉంది. మా అత్త కాలు విరిగి దవాఖానలో ఉంది, ఇక్కడ దగ్గర ఉండటానికి ఇంకెవరూ లేరు. యాదలక్ష్మి ఈసారి కూడా వీడియో తీస్తుంది. ఇప్పుడు అది సాక్ష్యం కోసం కాదు.

నరహరి.

సిద్దిపేట,
11 ఫిబ్రవరి 2025.

తమ్మీ,

ఆదివారం సాయంత్రం కచేరీ అయింది. ఆడిటోరియం నిండిపోయింది. మద్దూరు నుంచి నర్సింహ చుట్టాలు ట్రాక్టర్ కట్టుకుని వచ్చారు. మేమంతా ముదురు ఆకుపచ్చ చీరలు, మగవాళ్ళు తెల్ల చొక్కాలు. మీ బావ మూడో వరుసలో కూర్చుని, ఎవరైనా దగ్గితే వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

మన పాట వచ్చింది. శ్రావణ్ కమాను పైకి పోయింది, ఆగింది. రాజేంద్రప్రసాద్ వేలెత్తాడు. నేను మొదలుపెట్టాను. అంత పెద్ద హాల్లో నాకు నా గొంతు ఒక్కటే వినిపించింది, అది కూడా తల లోపలి నుంచి. పెద్ద ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నే పాడుకుంటున్నట్టు ఉంది. రెండో చరణంలో సింధూజ ఒక్క క్షణం కళ్ళు దించుకుంది. అయినా పాడుతూనే పోయాను. మూడో చరణం చివర కుడి చెవిలోకి సన్నాయి వచ్చింది. ఎక్కడో వీధి చివర నుంచి వస్తున్నట్టుంది. దాని వెనక అందరూ అందుకున్నారు. వాళ్ళ గొంతులు సగం చెవులతో, సగం అరికాళ్ళతో విన్నాను. స్టేజీ చెక్కలన్నీ అదురుతున్నాయి.

జనం లేచి నిలబడ్డారు. సార్ ఏడ్చారు. నర్సింహ నా దగ్గరికి వచ్చి అంతా బంగారం లాగా ఉందన్నాడు. రాజేంద్రప్రసాద్ వంగి నమస్కారం చేశాడు. మీ బావ ఏమీ తక్కువ కాలేదన్నాడు. కలిసిన వాళ్ళందరిదీ అదే మాట.

నాకు ఒక్కరి మీదా నమ్మకం కుదరలేదు. రెండేళ్ళు నా ముఖం చూసి బాగుంది అన్న వాళ్ళే వీళ్ళంతా. ఆ చప్పట్లు పాటకు కొట్టారా, చెవిటామె పాడిందని కొట్టారా? సింధూజ కళ్ళు ఎందుకు దించుకుంది? అడిగితే దుమ్ము పడిందంటుంది.

నాకు వినిపించదని నా ముఖం మీద చెప్పినవాడివి నువ్వొక్కడివే. వీడియో నీకు చేరి ఉంటుంది. విని, ఉన్నది ఉన్నట్టు రాయి. నన్ను చూసి జాలిపడితే నాకు తెలిసిపోతుంది.

అక్క.

భివండి,
18 ఫిబ్రవరి 2025.

అక్కా,

దవాఖాన వరండాలో కూర్చుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఇంటికి వచ్చి మళ్ళీ విన్నాను. అవ్వ పాట నాకు తెలుసు కాబట్టి నా మాట కొంత నమ్మవచ్చు.

మొదటి చరణం నిలకడగా ఉంది. రెండో చరణంలో "పొద్దు తెగితే" దగ్గర శ్రుతి కిందికి జారావు. కొంచెమే, అయినా తెలుస్తోంది. పాట తెలిసిన వాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. సింధూజ కళ్ళు దించుకున్నది అక్కడే. ఆ చరణం చివరి దాకా అలా కిందనే ఉన్నావు.

మూడో చరణం ఎత్తుకోవడంలోనే సరిగ్గా ఎక్కావు. ఎలా ఎక్కావో నాకు తెలియదు. అక్కడి నుంచి చివరి దాకా ఎక్కడా తేడా లేదు. సన్నాయి వచ్చి నీ గొంతు మీద ఆనినప్పుడు నా పక్కన కూర్చున్న ముసలాయన ఎవరు పాడుతున్నారని మరాఠీలో అడిగాడు. మా అక్క అన్నాను.

జాలితో రాసింది ఇందులో ఒక్క ముక్క కూడా లేదు.

నీ తమ్ముడు,
నరహరి.

సిద్దిపేట,
26 ఫిబ్రవరి 2025.

తమ్మీ,

నీ ఉత్తరం చదివి మొదట ముఖం మాడ్చుకున్నాను. మీ బావ కంగారుపడి ఏమైందని అడిగాడు. రెండో చరణంలో జారానట అన్నాను. ఆయన నా వైపు చూడకుండా మెల్లగా లోపలికి పోయాడు. అంటే ఆయనకూ తెలుసు.

మధ్యాహ్నం కొండపాక బస్సెక్కి నర్సింహ ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని సన్నాయి తుడుచుకుంటున్నాడు. కుడి చెవి అటు పెట్టి కూర్చుని, రెండో చరణంలో జారానా అని అడిగాను.

"లేదక్కా, సాఫ్ ఉన్నది."

"మా తమ్ముడు జారినవని రాసిండు."

నర్సింహ తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు. "జారినవక్కా. పొద్దు తెగితే కాడ కిందికి వోయినవ్. చరణమంత గట్లనె వాడినవ్" అన్నాడు.

"మూడోదో?"

"మూడోదాన్ల తప్పు లేదు. నువ్వు ఏడ ఇడిసినవో నా సన్నాయి గాడనె కూసున్నది. నేను జరుపుకునుడు ఏం లేకుండె."

అంతా బంగారం లాగా ఉందని ఆ రోజు స్టేజీ మీద ఇదే నర్సింహ చెప్పాడు. అప్పుడు నమ్మలేదు. రెండోది ఒప్పుకున్నాక, ఇవాళ మూడోది నమ్మాను. వాళ్ళావిడ పెట్టిన జొన్నరొట్టె తిని, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చాను.

అక్క,
ప్రసూన.